నైరుతి తలుపు

మీ ఊళ్ళో కళలను పోషించిన దాతల పేర్లు పాలరాతి మీద చదివే ఉంటారు, ఫ్లెక్సీల మీద వాళ్ళ నవ్వు ముఖాలు చూసే ఉంటారు. మరి ఆ భవనంలోకి ఆట నేర్చుకునే పిల్లలు ఏ తలుపు గుండా వస్తారో ఎప్పుడైనా వెళ్ళి చూశారా?

అమలాపురంలో మా కళాసమితి హాలుకు రెండు తలుపులున్నాయి. ఒకటి మెయిన్ రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. దానికి మెట్లు, వసారా, ఇత్తడి గడియ, పక్కన దాతల పేర్లు చెక్కిన పలక. కమిటీవాళ్ళం, ముఖ్య అతిథులు, పత్రికలవాళ్ళు, అందరం అటునుంచే వస్తాం. రెండోది వెనక మూలన, వేదికకు దూరంగా, ఒంటిరెక్క తలుపు. అది తీస్తే ఎదురుగా పిల్లకాలువ, కాలువ మీద సిమెంటు పలకల కాలివంతెన, అవతలి గట్టున పేట. రంగు వేయించిన ప్రతిసారీ ముందు తలుపుకే వేయించాం. వెనక తలుపు కర్ర రంగులోనే ఉండిపోయింది. దాని గడప మాత్రం నడిమధ్యన అరిగి నున్నగా మెరుస్తుంటుంది. ఏ తలుపు ఎక్కువ పని చేస్తుందో గడపే చెబుతుంది.

ఆ గడపను అరగదీసింది నాటకం క్లాసు పిల్లలు. బుధ, శనివారాల సాయంత్రాలు ఒక టీచరుగారు అక్కడ పిల్లలకు నటన నేర్పుతారు. ఆవిడది ఆ పేటే. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరిగా మొదలుపెట్టి, పద్య నాటకాల దాకా వెళ్ళి, పరిషత్తుల పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న నటి. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగం. బడి వదిలాక చీర కొంగు దోపుకొని హాలు ఊడుస్తారు, ఆ తర్వాత పిల్లల గొంతులు సరిచేస్తారు. క్లాసులో ఎక్కువమంది ఆడపిల్లలు. పేట నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ.

హాలు కప్పు పాడైంది. పెంకులు జారిపోయాయి, దూలాలకు చెద పట్టింది. ఇంకో వానాకాలం ఆగదని ఇంజనీరు తేల్చి చెప్పాక కమిటీలో తీర్మానం చేశాం: తొలకరిలోగా కప్పు మార్చకపోతే హాలుకు తాళం. హాలుకు తాళమంటే క్లాసుకు తాళమే. బడిలో సాయంత్రం గది ఇవ్వరు. చర్చి హాల్లో ఆ వేళకు ప్రార్థనలుంటాయి. టీచరుగారు అడగని చోటు లేదు.

మా కార్యదర్శిగారిది మందుల షాపు. హైదరాబాదులో ఎక్కడో ఒక విందు చూసి వచ్చారు. గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన పెద్దమనుషులు, కళలను పోషించినవాళ్ళకు సన్మానం, తర్వాత భోజనం. వచ్చిన సొమ్ము సంస్థకు. "మనమూ చేద్దామండి. దాతల అభినందన విందు. ఒక్క సాయంత్రంతో కప్పు పడిపోద్ది," అని తనే నాలిక కరుచుకొని, "అంటే, వేయించేసుకోవచ్చని," అన్నారు.

విందు వల్ల వచ్చేది కరెంటు పనికీ రంగులకీ సరిపోతుంది. అసలు కప్పు ఖర్చంతా తానే పెట్టుకుంటానని అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఒక షావుకారుగారు ముందుకొచ్చారు. మంచి మనిషి. నాటకమంటే ఇష్టం, ముందు వరసలో కూర్చొని చివరిదాకా చూసే ఓపిక ఉన్న మనిషి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, తమ సిద్ధాంతిగారు వచ్చి వాస్తు చూడాలి.

సిద్ధాంతిగారు వచ్చారు. హాలు ప్లాను కాగితం బల్ల మీద పరిచి దాని మీద వేలు పెట్టారు.

"ఇది నైరుతి ద్వారమండి. ఖర్చు పెట్టినవాడికి కీడు. ఇది మూసి గోడ కట్టేసేక కప్పు మొదలెట్టుకోండి."

నాకు ఒళ్ళు మండింది. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కుర్రతనం నుంచి హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? ఆ రాత్రే బీరువా వెతికి పాత దిక్సూచి తీశాను. మర్నాటి మీటింగులో సిద్ధాంతిగారి ఎదుటే దాన్ని అరచేతిలో పెట్టుకొని తలుపు ముందు నిలబడ్డాను.

"చూడండి. ఈ తలుపు నైరుతికి లేదు. ముల్లు చెబుతోంది. ఇది దక్షిణం."

సిద్ధాంతిగారు వంగి ముల్లు చూశారు. ఆయన ముఖం వికసించింది.

"దక్షిణమా అండి! అయితే నేను తగ్గించి చెప్పేను. నైరుతికైతే ఏదో శాంతైనా ఉంది. నేరుగా దక్షిణానికి, వెనకవైపు, ఆయ్, మూసేయడమేనండి."

కమిటీ అంతా పకపకా నవ్వింది. ఎదుటివాడు గీసిన గీత మీద నిలబడి వాడితో వాదించవద్దని కాలేజీ వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేసేటప్పుడు వందసార్లు చెప్పినవాణ్ణి. చేతిలో అయస్కాంతం ఉందన్న ధీమాతో నేరుగా వెళ్ళి ఆ గీత మీదే నిలబడ్డాను. ఆ తలుపు దక్షిణ ముఖమని తేలినా ఊళ్ళో దానికి నైరుతి తలుపు అన్న పేరే స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టడంలో నా వాటా ఉంది.

"పేట పిల్లలు ముందు వైపు నుంచి రావచ్చు కదండీ? ఎవరు వద్దన్నారు?" అన్నారు కమిటీలో ఒకరు.

నిజమే, ఎవరూ వద్దనలేదు. ఈ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ వద్దనరు. అందరూ అందర్నీ అండీ అండీ అనే పిలుచుకుంటారు. రావద్దని నోటితో అనే కాలం పోయింది, ఇప్పుడు మర్యాదగా గోడ కడతారు. గోడ కట్టిన మనిషిని నిలదీస్తే కాగితం మీది దిక్కును చూపిస్తాడు. దిక్కును నిలదీద్దామంటే దానికి నోరుండదు. వాస్తు మీద నాకు కోపం అది తప్పుడు లెక్క కావడం వల్ల మాత్రమే కాదు. ఎవరూ బాధ్యత తీసుకోనక్కర్లేని అన్యాయానికి అది అంత సులువైన సాకు కావడం వల్ల కూడా.

మర్నాడు సాయంత్రం టీచరుగారు హాలు వసారాలో నా ఎదురుగా కూర్చున్నారు.

"కంపాస్ పట్టుకెళ్ళేరంట కదండీ మాస్టారూ?"

"వెళ్ళేను."

"ఏం తేలింది?"

"దక్షిణం."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకొని నెమ్మదిగా అన్నారు.

"మాస్టారండీ, ఆ తలుపు మూసేస్తే మా పిల్లలు ఎటునుంచి రావాలో తెలుసా? గట్టు మీద లాకుల దాకా వెళ్ళి, మార్కెట్ సందులోంచి, బ్రాందీ షాపు ముందు నుంచి మెయిన్ రోడ్డెక్కి, చుట్టూ తిరిగి రావాలి. పొద్దు వాలేక ఆ దారిన ఏ తల్లి పంపిస్తాదండి? ఇప్పుడైతే వంతెన మీద నిలబడి చూస్తే కూతురు కనబడతాది. అందుకే పంపుతున్నారు. తలుపు పోయిన వారానికి క్లాసు పోద్ది."

"అందుకే కదా నేను కొట్లాడుతున్నది. విందులో నాకు ఉపన్యాసం ఉంది. ఆ షావుకారుగారి ముందే వాస్తు మీద..."

"అయ్యబాబోయ్! మీరు గెలిస్తే షావుకారుగారు లేచి వెళ్ళిపోతారు, కప్పు పోద్ది. సిద్ధాంతిగారు గెలిస్తే కప్పుంటాది, పిల్లలు పోతారు. నాకు కప్పూ కావాలి, తలుపూ కావాలి."

"రెండూ ఎలా వస్తాయమ్మా?"

"మీ ఉపన్యాసం టైము మాకిచ్చేయండి. నాటిక సన్మానాలకి ముందు పెట్టించండి. ఈ రెండు పనులు చేయండి చాలు."

అంతకుముందే ఆవిడ కోసం నేనొక నాటిక రాసి ఇచ్చి ఉన్నాను. వాస్తు కోసం ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయి చివరికి ఇంట్లోంచి బయటికి రాలేని ఒక గృహస్థుడి కథ. అది చేయిస్తారా అని ఆశగా అడిగాను. ఆవిడ సంచిలోంచి నా కాగితాలు తీసి రెండు చేతులతో తిరిగిచ్చారు.

"చదివేనండి. ఇది నాటిక కాదు మాస్టారూ, తిట్ల దండకం. ఇందులో మనుషులెవరూ లేరు, అందరూ మీరే."

కోపం వచ్చింది. ఇంటికెళ్ళి మళ్ళీ చదివాను. అందరూ నా గొంతుతోనే మాట్లాడుతున్నారు. ఉపన్యాసం వదులుకున్నాను.

కార్యక్రమం క్రమం మార్చాలనగానే కార్యదర్శిగారు బెంబేలెత్తారు.

"నాటిక ముందు పెడితే అది చూసి లేచిపోతారండి. సన్మానాలకి ఎవరుంటారు?"

"భోజనాలు చివర కదండీ, ఎక్కడికి పోతారు?" అన్నాను.

ఆయన ఆలోచించారు. "ఆయ్, పనసపొట్టు కూర ఉంది. పోరు లెండి," అన్నారు.

ఇక్కడ సన్మానం గురించి ఒక మాట చెప్పుకోవాలి. మా వైపు నాటకం సాధారణంగా చివర వస్తుంది. ముందు జ్యోతి వెలిగిస్తారు, తర్వాత అధ్యక్షులు మాట్లాడతారు, తర్వాత శాలువాలు. ఒకాయనకు శాలువా కప్పితే పక్కాయన అలుగుతారు కనుక పక్కాయనకీ, ఆయన బావగారికీ. వేషం వేసుకున్న నటులు తెర వెనక చెమటకు రంగు కారిపోతుంటే కూర్చుంటారు. శాలువాలు పూర్తయ్యేసరికి ముందు వరసలు ఖాళీ. మా తీరప్రాంతపు ఉక్కలో ఉన్ని శాలువా ఎవరి చలీ తీర్చదు. అది బీరువాలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో సన్మానానికి బయల్దేరుతుంది. ఒకసారి నాకు కప్పిన శాలువాను, అంచు మీది పసుపు మరకతో సహా, తర్వాత వేరే పెద్దమనిషి భుజాల మీద గుర్తుపట్టాను. అది మా ఇల్లు ఎలా దాటిందో మా ఆవిడకే తెలియాలి. ఇవ్వడం గొప్ప పనే. కానీ ఇచ్చినవాడికీ, ఇచ్చినది చేరేవాడికీ మధ్య ఇంత ఉన్ని పరుస్తాం కనుకనే ఒకరి ముఖం ఒకరు చూడరు. దాతలకు మేం హాలు చూపించే తీరు కూడా ఇంతే. ఎప్పుడూ పొద్దున పూట, క్లాసు లేనప్పుడు, ముగ్గేసి, కుర్చీలు సర్ది, వెనక తలుపు గడియ పెట్టి. షావుకారుగారు ఆ హాలును ఎన్నోసార్లు చూశారు. క్లాసును ఒక్కసారీ చూడలేదు.

విందు రోజు వచ్చింది. ఎండ దిగిన వేళకు బల్లలు పరిచారు, కూలర్లు పెట్టారు. వేదిక ముందు ఎర్ర వెల్వెట్ కుర్చీ వేశారు, షావుకారుగారి కోసం. తెల్ల పంచె, జరీ కండువా, పక్కన సిద్ధాంతిగారు. మిగిలిన దాతలు, డాక్టర్లు, చేపల చెరువులవాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు బల్లల చుట్టూ సర్దుకున్నారు.

నేను వెనక మూలకెళ్ళి చూద్దును కదా, నైరుతి తలుపుకు అడ్డంగా నీళ్ళ క్యాన్లు, అరటాకుల కట్టలు గుట్టగా పేర్చి ఉన్నాయి.

"ఇదేంటి బాబూ, ఇక్కడ పెట్టేరు?" అని వంటవాళ్ళను అడిగాను.

"మూసేసే తలుపే కదండీ అన్నారండి," అన్నాడు ఒకతను.

గోడ ఇంకా లేవనే లేదు. జనం అప్పుడే తలుపు లేనట్టు బతకడం మొదలుపెట్టారు. పంచె ఎగ్గట్టి నీళ్ళ క్యాన్లు పక్కకు దొర్లించాను. నన్ను చూసి కార్యదర్శిగారు కూడా వచ్చి, "మీకు నడుం నొప్పి కదండీ," అని విసుక్కుంటూనే అరటాకుల కట్టలు మోశారు.

జ్యోతి వెలిగించారు. ప్రార్థన అయింది. అప్పుడు వేదిక మీద దీపాలు ఆర్పేశారు. జనం వేదిక వైపు చూస్తుంటే వెనక మూల నుంచి, కాలువ అవతల నుంచి, డప్పు మోగింది.

కుర్చీలు కిర్రుమంటూ తిరిగాయి. తలుపు బార్లా తెరుచుకుంది. కాలివంతెన మీద పెళ్ళివారు వస్తున్నారు. అమ్మాయిలే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు తండ్రి, మేనత్త, తప్పెటవాళ్ళు. చేతుల్లో సారె బుట్టలు, నెత్తిన చాపలు. అరిగిన గడప దాటి లోపలికి పోటెత్తారు. కథ చాలా చిన్నది. గోదావరి దాటడానికి పెళ్ళివారు రేవులో పంటు ఎక్కుతారు. పంటంటే మనుషుల్నీ ఆటోల్నీ బస్తాల్నీ ఒకేసారి ఏరు దాటించే బల్లకట్టు పడవ. ఎక్కాక ఎవరు ఎక్కడ కూర్చోవాలని తగువు. పిల్లలు తమ ఇళ్ళల్లో విన్న మాటలతోనే దాన్ని అల్లుకున్నారు. వేదిక మీదికి ఎవరూ వెళ్ళలేదు. హాలంతా పంటు చేసేశారు, మమ్మల్నందర్నీ ప్రయాణికుల్ని చేసేశారు.

ఖాకీ చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి టిక్కెట్లు కొట్టే మనిషి. బల్లల మధ్య తిరుగుతూ కొబ్బరాకు ముక్కలు చింపి ఇస్తోంది. ఎర్ర కుర్చీ ముందు ఆగింది.

"ఏవండీ పెద్దాయనగారూ, టిక్కెట్టు తీసేరా?"

కార్యదర్శిగారి చేయి నా మోచేతిని పట్టుకుంది.

షావుకారుగారు మీసం దువ్వుకున్నారు. "నాకు టిక్కెట్టేటమ్మా? నేను దాతని."

"దాతలైనా దిగేది అవతలి ఒడ్డునే కదండీ! తీసుకోండి. ఈ కుర్చీకి లగేజీ టిక్కెట్టు వేరే."

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది షావుకారుగారే. జేబు తడుముకుంటున్నట్టు నటించి కొబ్బరాకు ముక్క అందుకున్నారు. "నేనూ ఈ పంటుల మీదే కొబ్బరికాయ దాటించేనమ్మా, కుర్రతనంలో. అప్పుడు కూడా ఇలాగే గదిమేవోరు," అన్నారు.

ఇంతలో మేనత్త వేషం కట్టిన అమ్మాయి కేక పెట్టింది. "ఒరిగిపోతందిరా నాయనోయ్! ఇటేపు బరువెక్కువై పంటు ఒరిగిపోతంది!"

టిక్కెట్ల అమ్మాయి గబగబా వచ్చింది. "బరువైన పెద్దలంతా లేవండి, లేవండి! అటు వెనక్కి జరగండి. మీరు కూడానండి. కుర్చీ ఉంచేయండి, మీరొక్కరే రండి."

ముందు వరసలోని పెద్దమనుషులంతా పొట్టలు పట్టుకొని నవ్వుతూ లేచారు. సిద్ధాంతిగారు కండువా సర్దుకొని, "నేను సన్నమే కదమ్మా," అన్నారు. "మీ సంచీ బరువుగా ఉందండి," అంది ఆ పిల్ల. అందర్నీ నడిపించుకొని వెళ్ళి వెనక మూల బెంచీల మీద సర్దింది. షావుకారుగారికి దొరికిన చోటు సరిగ్గా నైరుతి తలుపు పక్కన. నీళ్ళ క్యాన్ల దగ్గర నిలబడ్డ నాకు ఆయన మాటలు వినబడుతూనే ఉన్నాయి.

తలుపు బయట, గడప అవతల, అమ్మలు నిలబడి ఉన్నారు. చంకల్లో పసిపిల్లలు, భుజాల మీద తువ్వాళ్ళు. మెడలు సాచి లోపలికి చూస్తూ, తమ పిల్లల మాటలు పెదాలతో తామూ పలుకుతున్నారు. షావుకారుగారు కాసేపు నాటికను చూశారు, కాసేపు వాళ్ళను చూశారు.

"లోపలికి రండమ్మా, అక్కడే నిలబడ్డారేం?" అని ఒకావిడను అడిగారు.

"టిక్కెట్లు లేవండి. ఇయ్యాల విందంట కదండీ."

"రోజూ ఎక్కడ కూర్చుంటారు?"

"ఇక్కడేనండి, ఈ గడప మీద. పిల్లని తీసుకెళ్దామని వస్తాను. చూస్తా కూర్చుండిపోతాను. అదిగోనండి, టిక్కెట్లు కొట్టే పిల్ల మాదే."

"అలాగా! నన్ను లేపేసిందమ్మా మీ పిల్ల."

ఆవిడ సిగ్గుపడి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "పెద్దాయనగారండీ, మీకు తెలిసుంటాది. ఈ తలుపు మూసేస్తారంట కదా. ఎవరో షావుకారుగారు మూయించమన్నారంట. నిజమేనా అండి? ఆయనికి ఈ పిల్లలేం చేసేరండి?"

 షావుకారుగారు చేతిలోని కొబ్బరాకు ముక్కను మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. ఆ తర్వాత నాటిక అయ్యేదాకా ఆయన వాళ్ళ వైపు తిరగలేదు. పంటు ఒడ్డు చేరింది, పెళ్ళివారు డప్పుతో కాలివంతెన మీదుగా వెనక్కి వెళ్ళిపోయారు, చప్పట్లు ఆగలేదు.  సన్మానం ఇంకా మిగిలే ఉంది. తలుపు సంగతి ఆయన చేతిలోనే ఉంది.

సన్మాన పత్రం రాసింది నేనే. కార్యదర్శిగారు నా కాగితంలో తన చేతిరాతతో 'అపర దానకర్ణ' అని దూర్చారు. చదివేటప్పుడు ఆ ముక్క దాటేశాను. నాటకాన్ని చివరిదాకా కూర్చొని చూసే మనిషి అని నేను రాసుకున్న వాక్యం మాత్రం రెండుసార్లు చదివాను. శాలువా కప్పారు, దండ వేశారు, మైకు చేతికిచ్చారు.

"నేను వ్యాపారస్తుణ్ణండి, నాకు మాటలు రావు," అని మొదలుపెట్టారు షావుకారుగారు. "మా ఆవిడికి పోయినేడాది పెద్ద ఆపరేషనైంది. అప్పట్నుంచి నాకు ప్రతిదానికీ భయం. సిద్ధాంతిగారు కాగితం మీద తలుపు చూపించి కీడన్నారు, మూసేయమన్నాను. కాగితం మీద తలుపుంది గానీ, ఈ పిల్లలు లేరండి. ఇందాక పంటులో నన్నక్కడ కూర్చోబెట్టేరు. ఒక తల్లి నన్నడిగింది, మూయించే షావుకారు ఎవరండీ అని. చెప్పలేకపోయేను. ఇప్పుడు చెబుతున్నానమ్మా, నేనే. మూయించను."

వెనక మూల నుంచి ఈల వేశారు. ఎవరో అమ్మే అయి ఉంటుంది.

ఆయన చేయెత్తారు. "కప్పు నేనే వేయిస్తాను. తలుపు అలాగే ఉంటాది. కానీ నా భయం పోలేదండి, అబద్ధమెందుకు. ఆ తలుపు మీద ఒక బూడిద గుమ్మడికాయ కట్టుకుంటాను. మాస్టారు దాని మీద ఉపన్యాసం చెప్పకూడదు."

హాలంతా నా వైపు తిరిగింది. బతుకంతా నేను దింపించిన గుమ్మడికాయలు, తెంపించిన తాయెత్తులు కళ్ళ ముందు తిరిగాయి. టీచరుగారు వేదిక పక్క నుంచి నన్నే చూస్తున్నారు. లేచి నిలబడి, "చెప్పను," అన్నాను. పనసపొట్టు కూర తినేటప్పుడు ఆవిడ నా పక్కకొచ్చి, "మొదటిసారి తక్కువ మాట్లాడి గెలిచేరు మాస్టారూ," అన్నారు. పంటు ఒరగడం, బరువైనవాళ్ళు సరిగ్గా ఆ తలుపు పక్కకే రావడం ఎవరి ఆలోచన అని అడిగితే, "పంటు ఒరగడం నా చేతిలో ఉంటాదేటండి?" అన్నారు.

కప్పు తొలకరికి ముందే పూర్తయింది. ఇప్పుడు వాన పడితే హాల్లో చప్పుడు మాత్రమే వినబడుతుంది, నీళ్ళు పడవు. అమ్మలకు లోపల బెంచీ వేశాం. మెయిన్ రోడ్డు వైపు ఇళ్ళ నుంచి కూడా కొందరు పిల్లలు చేరారు. వాళ్ళు కూడా ముందు తలుపు మానేసి చుట్టూ తిరిగి వెనక నుంచే వస్తున్నారు. ఆ వంతెన మీద నుంచి డప్పుతో రావడం వాళ్ళకు ఆటలో భాగమైపోయింది.

గుమ్మడికాయ ఉంది. కుళ్ళిపోతే అమావాస్య తర్వాతి శనివారం కొత్తది కట్టాలట. ఆ పని షావుకారుగారు ఎవరికీ అప్పగించరు. తనే కారు అవతలి గట్టున ఆపించి, కాలివంతెన మీదుగా కాయ పట్టుకొని వస్తారు. కట్టాక వెళ్ళకుండా క్లాసు చూస్తూ కూర్చుంటారు. పిల్లలు ఆయన్ను టిక్కెట్టు తాతయ్యగారంటారు. నమ్మకం ఆయన్ను ఆ తలుపుకు దూరం చేయబోయింది, అదే నమ్మకం ఇప్పుడు నెలనెలా ఆ తలుపు దగ్గరికి తెస్తోంది. ఈ లెక్క నా హేతువాదంలో ఎక్కడ పడుతుందో ఇంకా తేల్చుకోలేదు. గుమ్మడికాయ కీడును ఆపుతుందని మాత్రం ఏనాటికీ ఒప్పుకోను.

మొన్న ఖాకీ చొక్కా అమ్మాయి నన్ను నిలదీసింది. "మాస్టారండీ, గుమ్మడికాయ కడితే నిజంగా కీడు పోద్దా?"

మాటిచ్చి ఉన్నాను. నోటి దాకా వచ్చింది మింగాను. "నువ్వేం చూశావో నాటిక రాయి," అన్నాను.

పిల్లలంతా కలిసి రాస్తున్నారు. గుమ్మడికాయే అందులో ప్రధాన పాత్రట. కింద నుంచి పోయే ప్రతివాళ్ళూ దాన్ని ఏదో ఒకటి కోరుతుంటే అది విసిగిపోయి, "నేను పులుసులోకి పుట్టేనర్రా!" అని అరుస్తుందట. టిక్కెట్టు తాతయ్యగారికి మొదటి టిక్కెట్టు ఇప్పటికే ఇచ్చేశారు. ఆయన తీసుకొని కళ్ళజోడు పెట్టుకొని చదివి, నవ్వి, జేబులో పెట్టుకున్నారు. నేను వందసార్లు గొంతు చించుకున్నా రాని నవ్వు అది.

ఇక మీ సంగతి. మీ ఊళ్ళోనూ ఒక హాలుంటుంది, దానికొక కమిటీ ఉంటుంది. మీరు అందులో ఉంటే మరీ మంచిది. దాతలను గౌరవించండి, వాళ్ళు లేకుండా కప్పులు నిలబడవు. కానీ ఈసారి శాలువా కొనకండి. ఆ దాత చేయి పట్టుకొని, పాఠం జరుగుతున్న సాయంత్రం, వెనక తలుపు గుండా లోపలికి తీసుకెళ్ళండి. పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టండి. ఆ తలుపుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. తీసేదాకా గడప మీదే నిలబడండి. ఈ వారమే వెళ్ళండి.